సాక్ష్యానికి రెండో భాగం

గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతిలోంచి ఇంగ్లీషువాళ్ళ చేతికి మారింది. ఆ రోజుల్లోనే దానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, కాలువ, లాకుల పని నడిచింది. అది ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ కల. నదికి అడ్డంగా ఉన్న రాతి మెట్టలను దాటించి, మధ్య పరగణాల పత్తిని పడవల మీద సముద్రం దాకా తీసుకురావాలని ఆయన ఆలోచన. ఆ పనులు దగ్గరుండి చూసిన ఇంజనీరు కెప్టెన్ హేగ్. 1871లో ప్రభుత్వం ప్రాజెక్టుని వదిలేసింది. పత్తి పడవలు రాలేదు గానీ, హేగ్ పూనికతో అక్కడ మొదలైన క్రైస్తవ ప్రయత్నం చర్చ్ మిషనరీ సొసైటీ వారి కోయ మిషన్‌గా నిలబడిపోయింది.

అక్కడి తొలి క్రైస్తవుల్లో వెంకట్రామరాజు అనే ఆయన ఉన్నాడు. హేగ్ పనుల దగ్గర సరుకుల సరఫరా విభాగం ఆయన చేతి కింద ఉండేది. ఆ ఉద్యోగం వదిలేసి బోధకుడయ్యాడు. దాదాపు అదే కాలంలో, 1859లో, కృష్ణా జిల్లా రాఘవాపురంలో పగోలు వెంకయ్య డార్లింగ్ అనే మిషనరీ దగ్గర బాప్తిస్మం తీసుకున్నాడు. మాల కులస్థుడు, వయసులో ఉన్నప్పుడు దోపిడీ ముఠాకి నాయకుడని పేరు. ఆ వెంకయ్య వెనక ఊళ్ళకి ఊళ్ళు కదిలాయి.

సెలవు రోజుల్లో ఇలాంటి పాత మిషన్ పుస్తకాలు చదవడం నాకు అలవాటు. చదివేకొద్దీ ఒక సంగతి గమనించాను. ఈ జీవిత కథలన్నీ ఒకే చోట మలుపు తిరుగుతాయి. ముందు చీకటి ఉంటుంది. తర్వాత ఒక రోజు, ఒక మాట, ఒక మనిషి. ఆ తర్వాత అంతా వెలుగే. ఇప్పటికీ ఖమ్మం నుంచి భద్రాచలం దాకా ఏ చర్చిలో, ఏ ఉజ్జీవ కూటంలో మైకు ముందు నిలబడినవాళ్ళ నోట విన్నా సాక్ష్యం ఇదే వరసలో సాగుతుంది. "నేను తాగేవాణ్ణి, కొట్టేవాణ్ణి, ప్రభువు నన్ను పట్టుకున్నాడు." అందరూ ఆమెన్ అంటారు. దొంగల నాయకుడిని కూడా సంఘం ఏ ఇబ్బందీ లేకుండా కలుపుకుంటుంది, ఎందుకంటే అతని దొంగతనాలన్నీ బాప్తిస్మానికి ముందువి.

బాప్తిస్మం తర్వాత చేసిన తప్పు సంగతేమిటి? దానికి మన దగ్గర కథ లేదు. మాటలు మాత్రం ఉన్నాయి. "పడిపోయాడు" అంటాం. "చల్లారిపోయాడు" అంటాం. పడిపోయినవాడు ఎలా లేచాడో, చల్లారిన నిప్పు మళ్ళీ ఎలా రాజుకుందో చెప్పే సాక్ష్యం నేను మైకులో విన్నది చాలా తక్కువ. సాక్ష్యానికి మొదటి భాగమే ఉంది, రెండో భాగం ఎవరూ రాయలేదు.

ఇది నాకు కేవలం సాహిత్య సమస్య కాదు. మా బంధువుల్లో ఒకాయన ఉన్నాడు, నాకు బాబాయి వరస. ఒక చిన్న సంఘంలో కానుకల లెక్కలు చూసేవాడు. ఇంట్లో ఏదో అవసరం వచ్చి ఆ డబ్బు వాడుకున్నాడు, తర్వాత మళ్ళీ వాడుకున్నాడు. చివరికి బయటపడింది. ఎవరూ గొడవ చేయలేదు, పోలీసుల దాకా పోలేదు, వెళ్ళగొట్టనూ లేదు. ఆయనే రావడం మానేశాడు. కొంచెం కొంచెంగా ఆరేళ్ళకు మొత్తం కట్టేశాడు. కట్టాక కూడా చర్చి గడప తొక్కలేదు. ఇంట్లో బైబిలు చదువుకుంటాడు, అంతే. ఒకసారి ఎందుకు బాబాయ్ అని అడిగితే, "పైసలైతే తీసుకున్నర్రా. నన్నే ఎవరూ రమ్మనలే" అన్నాడు.

ఆ మాట విన్నాక నేను ఈ చరిత్రని వేరేగా చదవడం మొదలుపెట్టాను. తప్పు చేసిన విశ్వాసి తిరిగి రావడానికి ఎప్పుడైనా, ఎక్కడైనా ఒక దారి వేశారా అని వెతికాను. వేశారు. ఆ పని చాలా గొడవల మధ్య జరిగింది.

తొలి శతాబ్దాల క్రైస్తవులకి కూడా ఇదే చిక్కు. బాప్తిస్మం అంతకుముందు పాపాలన్నీ కడిగేస్తుంది, మరి తర్వాతవి? ఈ భయంతోనే చాలామంది బాప్తిస్మాన్ని వాయిదా వేసుకునేవాళ్ళు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ అంతటివాడు కూడా 337లో చనిపోయే ముందే తీసుకున్నాడు. అంతకు ముందు, 250 ప్రాంతంలో, డీషియస్ చక్రవర్తి అందరూ రోమన్ దేవతలకి బలి ఇచ్చి తీరాలని ఆజ్ఞ వేశాడు. బలి ఇచ్చినవాళ్ళకి ఒక ధ్రువపత్రం ఇచ్చేవాళ్ళు. అలాంటి పత్రాలు ఈజిప్టు ఇసుకలో పదుల సంఖ్యలో దొరికాయి. ప్రాణభయంతో క్రైస్తవులు చాలామంది బలి ఇచ్చారు. కొందరు బలి ఇవ్వకుండానే లంచం పెట్టి కాగితం కొనుక్కున్నారు. హింస తగ్గాక వీళ్ళంతా చర్చి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డారు.

రోములో నొవేషియన్ అనే ఆయన వీళ్ళని తిరిగి చేర్చుకునే అధికారం సంఘానికి లేదన్నాడు. దేవుడు క్షమిస్తే క్షమించవచ్చు, సంఘం మాత్రం తలుపు తీయకూడదన్నది ఆయన పక్షం. జైల్లో బాధలు పడి నిలబడినవాళ్ళలో కొందరు దీనికి పూర్తిగా ఎదురు. అడిగినవాళ్ళకల్లా సిఫారసు చీటీలు రాసిచ్చి వెంటనే చేర్చుకోమన్నారు. కార్తేజ్ బిషప్ సిప్రియన్ ఈ రెండిటి మధ్య ఇరుక్కున్నాడు. ఆయన ఇబ్బంది ఇంకా పెద్దది, ఎందుకంటే హింస మొదలవగానే ఊరు వదిలి దాక్కున్నాడు, జనం ఆ మాట మర్చిపోలేదు. 251లో బిషప్పులు కార్తేజ్‌లో సమావేశమై ఒక పద్ధతి తేల్చారు. కాగితం కొన్నవాళ్ళు ఒక రకం, బలి ఇచ్చినవాళ్ళు ఇంకో రకం, ఒక్కొక్కరి సంగతి విడిగా విచారించాలి. కొంతకాలం అందరి ఎదుటా పశ్చాత్తాపపడాలి. ఆ తర్వాత సంఘం చేర్చుకోవాలి. దాక్కున్న సిప్రియన్ 258లో మళ్ళీ హింస వచ్చినప్పుడు దాక్కోలేదు. మరణశిక్ష పడి చనిపోయాడు.

నన్ను ఆకట్టుకున్నది ఆ తీర్పులోని మెత్తదనమో కఠినమో కాదు. దారికి ఒక మొదలు, ఒక చివర ఉండటం. ఇక్కడ మొదలుపెడితే అక్కడికి చేరతావు అని తప్పు చేసినవాడికి తెలియడం.

ఇలాంటి దారి మన ప్రాంతంలోనూ ఉండేది. తిరునెల్వేలి నుంచి వచ్చిన వి. ఎస్. అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే. తర్వాత ఖమ్మం, దుమ్ముగూడెం సంఘాలు కూడా ఆ డయోసిస్ కిందికి వచ్చాయి. ఆయన కింద ఉన్న విశ్వాసుల్లో ఎక్కువమంది మాల, మాదిగ పేటలవాళ్ళు. మిషనరీ దొర వచ్చి తీర్పు చెప్పడం కాకుండా, ఊళ్ళోని సంఘ పెద్దలే పంచాయతీగా కూర్చుని తమవాళ్ళ తప్పొప్పులు చూసుకోవడానికి అజరయ్య ప్రాముఖ్యం ఇచ్చాడు.

ఆ పంచాయతీ ఆకాశంలోంచి ఊడిపడలేదు. పల్లెలో కుల పంచాయతీ ఎలా నడుస్తుందో తెలిసిన జనమే దాన్ని చర్చిలోకి తెచ్చుకున్నారు. మన పల్లెభాషలో "తప్పు" అంటే చేసిన నేరమూ అవుతుంది, దానికి కట్టే జరిమానా కూడా అవుతుంది. తప్పు చేసినవాడు తప్పు కడతాడు. కట్టేదాకా వెలి: నిప్పు ఇవ్వరు, నీళ్ళు ఇవ్వరు, పక్కన కూర్చుని తినరు. కట్టాక పెద్దలతో కలిసి భోజనం. ఆ పంక్తిలో కూర్చుంటే మళ్ళీ కులంలో మనిషి. సంఘంలో దీని రూపం కొంచెం మారింది. వెలికి బదులు ప్రభువు బల్లలో పాలు లేకుండా ఆపేయడం, పెద్దల ఎదుట ఒప్పుకోలు, ఆ తర్వాత మళ్ళీ బల్లకి రానివ్వడం. సిప్రియన్ పేరు ఎన్నడూ వినని పెద్దలు అదే మూడు మెట్లు కట్టుకున్నారు: విచారణ, గడువు, భోజనం.

దీన్ని నేను మెచ్చుకుంటున్నానని తొందరపడి అనుకోకండి. ఊరి పంచాయతీకి ఉన్న రోగాలన్నీ సంఘ పంచాయతీకీ అంటుకునే వీలుంది. పిల్ల ఎవరితో వెళ్ళిందో విచారించడానికి ఉన్న ఓపిక, మొగుడు ఎందుకు కొట్టాడో విచారించడానికి ఉండదు. కూలివాడి తాగుడు కనిపించినంత బాగా ఆసామి వడ్డీ కనిపించదు. అందరి ముందు నిలబెట్టడం పశ్చాత్తాపాన్ని పుట్టించవచ్చు, పగని కూడా పుట్టించవచ్చు. నగరాలకు వచ్చినవాళ్ళు ఈ పద్ధతికి దూరమైతే వాళ్ళని తప్పుపట్టలేను. అయితే ఆ ఇల్లు కూలగొట్టినప్పుడు దానిలోని తలుపు కూడా పోయింది. వెలి వేయడం మానేశాం, మంచిదే. దానితో పాటు తిరిగి పిలవడం కూడా మానేశాం.

ఇప్పుడు ఆదివారం ఆరాధనలో అందరం కలిసి పాపపు ఒప్పుకోలు చదువుతాం. చదవాల్సిందే. కానీ అందరూ ఒకే గొంతుతో చెప్పే ఒప్పుకోలులో ఏ ఒక్కరి తప్పూ ఉండదు. కానుకల డబ్బు వాడుకున్న మా బాబాయి, ఆ డబ్బు వేసిన ముసలమ్మ ఒకే వాక్యం చదివి ఇంటికి వెళ్తారు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది అలాగే ఉంటుంది.

ఇద్దరి మధ్య ఉన్న దాన్ని మన భాష ఎప్పటినుంచో లెక్కగా చూస్తుంది. ప్రభువు నేర్పిన ప్రార్థనలో తెలుగు బైబిలు మత్తయి సువార్త వాడిన మాట పాపం కాదు, ఋణం. మూలంలోని గ్రీకు మాటకూ అదే అర్థం. అప్పు అనగానే ఇచ్చినవాడు, తీసుకున్నవాడు, ఎంత అనే మూడూ వస్తాయి.

అప్పు మాట వస్తే ఈ నేల మీద భద్రాచలం కథ రాకుండా ఉండదు. నేలకొండపల్లి కంచెర్ల గోపన్న తానీషా కాలంలో పాల్వంచ పరగణాకి తహసీల్దారు. ప్రజల దగ్గర వసూలు చేసిన శిస్తు ఖజానాకి పంపకుండా గుడి కట్టాడని గోల్కొండలో ఖైదు చేశారు. భక్తుడిగా చూస్తే ఆయన రామదాసు. ఖజానా లెక్కలు రాసే గుమాస్తాగా చూస్తే, సర్కారు డబ్బు వేరే పనికి వాడిన అధికారి. ఆశ్చర్యం ఏమిటంటే ఆ కథ ఈ రెండో చూపుని దాచదు. ఆరు లక్షలు అని మొత్తం చెబుతుంది. జైల్లో కూర్చుని ఏ నగకి ఎంత ఖర్చయిందో రాముడికి లెక్క అప్పజెప్పే కీర్తన రామదాసుది. చివరికి తానీషా మనసు కరిగి వదిలేశాడని కథ ముగించలేదు. రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలూ చెల్లించి, రసీదు రాయించుకున్నారని చెప్పింది. దయ ఉన్నా లెక్క మాయం కాలేదు. బాకీ ఎవరికి ఉందో వాళ్ళకి చేరింది.

క్రైస్తవ సువార్త కథకీ దీనికీ ఉన్న పోలికని ఎక్కువ లాగదలుచుకోలేదు. రెండూ వేరు వేరు నమ్మకాలు, ఒకదాన్ని రెండోదానికి నకలు చేస్తే ఇద్దరికీ అన్యాయం. ఈ నేల మీద పుట్టినవాడికి క్షమాపణ అనగానే రసీదు గుర్తుకురావడం సహజమని మాత్రం అంటున్నాను. లూకా సువార్తలో ఇంకో పన్నుల అధికారి ఉన్నాడు, జక్కయ్య. యేసు తన ఇంటికి వస్తానన్నందుకు పొంగిపోయి ఊరుకోలేదు. ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నాడో వాళ్ళకి నాలుగంతలు ఇస్తానన్నాడు. గమనించాల్సింది వరస: ముందు ఇంటికి రావడం, తర్వాత లెక్క. మా బాబాయి విషయంలో లెక్క పూర్తయింది గానీ, ఇంటికి ఎవరూ రాలేదు.

దీనికి తలకిందులైన సందర్భాలూ ఉన్నాయి. పెద్ద బోధకుడు ఎవరైనా తప్పులో దొరికితే కొన్నాళ్ళు కనిపించడు. తర్వాత వేదిక ఎక్కి దావీదు కథ చెబుతాడు. దేవుడు నన్ను క్షమించాడు అంటాడు. జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు. అతని వల్ల నష్టపోయిన మనిషి ఆ హాల్లో ఉండదు. ఆమె పేరు ఎవరూ ఎత్తరు. దావీదు పశ్చాత్తాప కీర్తనగా చెప్పుకునే 51వ కీర్తన గొప్ప ప్రార్థనే, కానీ అందులో పాపం దేవుడికి, దావీదుకి మధ్య విషయంగానే ఉంటుంది. దావీదు చంపించిన ఊరియా పేరు ప్రార్థన లోపల ఎక్కడా లేదు. మత్తయి మాత్రం వదల్లేదు. యేసు వంశావళి రాస్తూ సొలొమోను దగ్గరికి వచ్చేసరికి తల్లి పేరు బత్షెబ అని రాయలేదు, ఊరియా భార్య అని రాశాడు. వెయ్యేళ్ళ తర్వాత, మెస్సీయ పుట్టుక గురించిన మొదటి పేజీలో, హతుడి పేరు ఉంది. మా వృత్తిలో ఏదైనా సిస్టమ్ కూలిపోతే, బాగుచేశాక లాగ్‌లు చెరిపేయరు. ఏం జరిగిందో రాసి అందరికీ కనిపించే చోట పెడతారు. మత్తయి చేసింది ఆ పనే అనిపిస్తుంది. క్షమాపణ అంటే చెరిపేయడం అయితే, ముందుగా చెరిగిపోయేది నష్టపోయినవాళ్ళ పేరే.

ఈ మొత్తం విషయం ఒకే రాత్రిలో జరిగిన రెండు పతనాల్లో నాకు బాగా అర్థమవుతుంది. యూదా ముప్పై వెండి నాణేలకి గురువుని పట్టించాడు. పేతురు గురువు ఎవరో తెలియదని మూడుసార్లు అన్నాడు. యూదా పశ్చాత్తాపపడలేదని చాలామంది బోధిస్తారు. మత్తయి అలా రాయలేదు. యూదా తప్పు ఒప్పుకున్నాడు, ఆ ముప్పై నాణేలూ తిరిగి ఇచ్చేశాడు. అంటే విచారమూ ఉంది, ఒప్పుకోలూ ఉంది, చెల్లింపూ ఉంది. అయితే అతను వెళ్ళింది ప్రధాన యాజకుల దగ్గరికి, పెద్దల దగ్గరికి. వాళ్ళు అది మాకేం సంబంధం, నీ పాపం నువ్వే చూసుకో అన్న ధోరణిలో తిప్పి పంపారు. ఆ తర్వాత కథ తెలిసిందే.

పేతురు ఏమీ తిరిగి ఇవ్వలేదు. ఏడ్చాడు, కొన్నాళ్ళకు చేపలు పట్టుకోవడానికి వెళ్ళిపోయాడు. యోహాను సువార్త ప్రకారం పేతురు అబద్ధం ఆడింది బొగ్గుల నిప్పు దగ్గర చలి కాచుకుంటూ. చివరి అధ్యాయంలో ఒడ్డు మీద యేసు చేపలు కాలుస్తున్నది కూడా బొగ్గుల నిప్పు మీదే. గ్రీకు కొత్త నిబంధన మొత్తంలో ఆ బొగ్గుల నిప్పు అనే మాట ఈ రెండు చోట్లే వస్తుంది. అదే నిప్పు దగ్గర మళ్ళీ కూర్చోబెట్టి ముందు తిండి పెట్టాడు. తర్వాత మూడుసార్లు ప్రశ్న అడిగాడు. మూడోసారి పేతురుకి బాధ కలిగింది. బాధ లేకుండా చేయలేదు, తప్పుని ప్రస్తావించకుండా వదిలేయలేదు. చివరికి గొర్రెల్ని చూసుకోమని పని అప్పజెప్పాడు.

ఆ ఇద్దరి మనసుల్లో పశ్చాత్తాపం తూకం వేయడం నాకు చేతకాదు. కథలో కంటికి కనిపించే తేడా ఒకటే. ఒకరిని పిలిచారు, ఒకరిని పొమ్మన్నారు. విశ్వాసం కోల్పోయినవాడు మళ్ళీ విశ్వాసాన్ని కట్టుకోవాలంటే వాక్యం చదవాలి, మోకరించాలి, మారాలి అని మనం అతనికే పనులు చెబుతాం. అవన్నీ అవసరమే. కానీ కూలిన గోడని లోపలి నుంచి ఒక్కడే కట్టలేడు, బయటి నుంచి ఇటుకలు అందించే చేతులు కావాలి. దుమ్ముగూడెంలో ఆనకట్ట కట్టడానికి ఎంతమంది చేతులు పట్టాయో ఇంజనీర్లకి తెలుసు. మనిషి విషయానికి వచ్చేసరికి ఒంటరిగా కట్టుకోమంటాం.

అందుకని పాత పంచాయతీని తిరిగి తెమ్మని నేను అడగను. దానిలోని మూడు మెట్లని, దాని రోగాలు లేకుండా, ఎలా నిలుపుకోవాలన్నదే ప్రశ్న. నష్టపోయినవాళ్ళని ముందుగా, విడిగా వినడం ఒకటి. వాళ్ళు క్షమించి తీరాలని ఒత్తిడి పెట్టకపోవడం దానిలో భాగమే. తప్పు చేసినవాడికి ఏం తీర్చాలో, ఎప్పటిలోగానో స్పష్టంగా చెప్పడం రెండోది. డబ్బు లెక్కలు చూసే పని, పిల్లల దగ్గర ఉండే పని, వేదిక మీద నిలబడే పని తిరిగి ఇవ్వడం వేరు, బల్ల దగ్గరికి తిరిగి రానివ్వడం వేరు అని తెలుసుకోవడం కూడా ఇక్కడే. కొందరికి పాత పని ఎన్నటికీ ఇవ్వకూడదు. అయినా వాళ్ళకి పంక్తిలో చోటు ఉండవచ్చు. మూడోది అన్నిటికంటే తేలిక, అందుకే మర్చిపోతాం. ఎవరో ఒకరు ఇంటికి వెళ్ళి "ఈ ఆదివారం రా" అనడం.

దొంగల నాయకుడు వెంకయ్య కథని మనం నూట అరవై ఏళ్ళుగా చెప్పుకుంటున్నాం, ఎందుకంటే దాన్ని చెప్పడం సులువు. నేను అలాంటివాణ్ణి, ఇలా అయ్యాను అని ఆ సాక్ష్యంలో కర్త మొదటినుంచి చివరిదాకా "నేనే". రెండో భాగాన్ని అలా చెప్పలేం. నేను మీలో ఒకణ్ణయ్యాక తప్పు చేశాను, మీరు నన్ను తిరిగి తీసుకున్నారు అనాలి. ఆ రెండో వాక్యానికి కర్త "మీరు". కింద కూర్చున్న మీరు ఆ పని చేసి ఉంటే తప్ప, మైకు ముందు నిలబడినవాడు ఆ వాక్యం పలకలేడు. మా బాబాయికి ఇప్పుడు అరవై దాటాయి. ఆయన సాక్ష్యం సగంలో ఆగి ఉంది. మిగిలిన సగం చెప్పాల్సింది ఆయన కాదు.